మూడు కేకలు

తెల్లవాడు దిల్లీ విడిచి పోయిన ఏడు అది. మాకు మాత్రం ఇంకా నైజామే. ఆ ఏడు జొన్న ఎన్నడూ లేనంత ఏపుగా వచ్చింది. మనిషి దూరితే తల కనబడదు. పంట విరగకాసిన ఏడే మా ఇంటికి చేటు మూడింది కాబట్టి, బాగా పండిన చేను చూస్తే అందరూ మురిసిపోతారేమో కానీ నేను ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాను.

మా ఊరు మోత్కూరు సంతకు మూడు కోసుల దూరం. ఊరి నడుమ బురుజు, ఊరి వెనక గుట్ట. నేను కాపురానికి వచ్చి మూడేళ్లు. మా అత్త మారెమ్మ చేతికి తీరిక ఉండేది కాదు, నోటికి అసలే ఉండేది కాదు. ఐదూళ్లకు వడిసెలలు పేనేది ఆమే. రెండు నార తాళ్లు, వాటి నడుమ బెత్తెడు అల్లిక. అందులో ఉండ పెట్టి తల చుట్టూ తిప్పి ఒక తాడు వదిలితే ఉండ చేను ఆ చివరకు పోతుంది, పిట్టలు లేస్తాయి.

దానికి కావలసిందంతా మా దొడ్లోనే దొరికేది. కంచె వెంట పుంటికూర, అదే గోంగూర, కోయకుండా వదిలేసేవాళ్లం. ఆడపడుచు వచ్చి అడిగినా అత్త ఆ వరుస ముట్టనిచ్చేది కాదు. పువ్వు పట్టగానే కట్టెలు కోసి కుంటలో ఎనిమిది రోజులు నానేసేది. ఆ కంపుకు ఊరంతా ముక్కు మూసుకునేది. ఒలిచిన నార కంచె మీద ఆరేది. ఇక ఉండలకు, కూలిన పాత గోడ పాటిమన్ను. అందులో జొన్నపొట్టు కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి వేపచెట్టు నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి.

కొత్తకోడలిగా నేను మొదటిసారి మంచె ఎక్కిన రోజు అత్త కింద నిలబడి రెండు మాటలు చెప్పింది.

"పిట్టను బెదిరియ్యాలె గని సంపొద్దు. అందుకే మట్టి ఉండ. చేన్ల రాయి పడితే రేపు నాగలి కర్రు విరుగుతది. ఇంగో మాట. మూడు కేకలేసినంకనే ఇసరాలె. చేన్ల గడ్డి కోసేటోళ్లుంటరు, చెంబు వట్కొని కూసున్నోళ్లుంటరు. కేకిని పలికితే ఇసురుడు ఆపాలె. మరిస్తే నీ తోలు తీస్త."

మరిది బక్కయ్యకు ఆ కేకలు ఆటగా ఉండేవి. పేరుకే బక్కయ్య, మనిషి బండ. ఎద్దు బెదిరితే కొమ్ము పట్టి ఆపేవాడు. నేను "హో" అని ఒక్క కేక వేశానో లేదో, చేనులో ఏ మూలనున్నా పలికేవాడు. "పిట్టను గాదొదినా, నీ మరిదిని. జర నా తల ఇడ్సిపెట్టు." చేనుకు అవతలి గట్టు మీదున్నా, నా ఉండ అక్కడిదాకా రాదని తెలిసినా సరే, పలకకుండా ఉండేవాడు కాదు. ఒక్కోసారి విసుగొచ్చేది.

ప్రతి ఏడూ మొదటి ఇరవై వడిసెలలు, రెండు గంపల ఉండలు దొర గడీకి, ఆయన కోటలాంటి ఇంటికి, పోవాలి. మా చేనుకు తర్వాతే. ఇచ్చినందుకు ఏమీ రాదు, ఇయ్యకపోతే దెబ్బలు వస్తాయి. దాన్ని వెట్టి అనేవారు. ఆ ఏడు గడీ జవాను వచ్చి దొడ్లో నిలబడితే బక్కయ్య కంచె మీది నార తీసి భుజానేసుకున్నాడు.

"ఈసారి లెవ్వు."

"లెవ్వంటే? దొర జొన్న పిట్టలు తినాల్నా?"

"తిననీ. పిట్టలన్న కడుపునిండ తింటయి. దొర దగ్గర గంత జొన్న ఉండి మాకు తినవెట్టిండా?"

జవాను వెనుదిరిగి పోయాడు. అత్త ముఖం మాడిపోయింది. "నోటి తీట తీరిందా కొడుకా?" అని మాత్రం అంది.

ఆ మాట ఊరంతా పాకింది. రెండోరోజే సంఘం మైసయ్య మా ఇంటికి వచ్చాడు. అతనిదీ మా ఊరే, దొరలకు అండగా ఊళ్ల మీద పడే నైజాం రజాకార్ల దండును ఆపడానికి చుట్టుపక్కల ఊళ్లను కూడగడుతున్నాడు. అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి, మెల్లగా అడిగాడు.

"పెద్దమ్మా, యాభై వడిసెలలు గావాలె. రజాకార్లు ఏ దినమన్న వస్తరు. మనకాడ తుపాకులు లెవ్వు."

"నా నార పిట్టలకు మైసయ్యా."

"వాళ్లు పిట్టలు గారు పెద్దమ్మా."

"అందుకే ఇయ్య."

నాకు మా అత్త మీద మండింది. నా భర్త సాయిలు నెమ్మది మనిషి, తల్లికి ఎదురు చెప్పడు. నేనే గొణిగాను, వాళ్లు వచ్చి ఇల్లు కాల్చినప్పుడు ఈ నీతులు ఆర్పుతాయా అని. అత్త విన్నది, వినబడనట్టు నార దువ్వుకుంది.

సంత రోజు బక్కయ్య ఎద్దు మెడకు పలుపు తెస్తానని పోయాడు. పొద్దు వంగుతుండగా సాయిలు అతన్ని వీపున వేసుకుని వచ్చాడు. సంతలో రజాకార్లు, గడీ మనుషులు కలిసి పట్టుకున్నారట. బండి చక్రానికి కట్టి కొట్టి, తర్వాత కుడిచేతిని నొగ మీద పరచి తుపాకి మడమతో దంచారట. ఒక్కో దెబ్బకు ఒక్కో వేలు లెక్కపెట్టించారట. "గీ చేతితోనేనారా వడిసెల ఇయ్యనన్నది" అని అడుగుతూ. అన్నది నోటితో, చేతినెందుకు దంచారో ఆ దేవుడికే తెలియాలి. సంతంతా చూస్తూ నిలబడింది.

చూపుడువేలి ఎముక తెల్లగా బయటికి వచ్చింది. నడిమి వేలు తోలుకు వేలాడుతోంది. అత్త ఏడవలేదు. పసుపు, వేడినూనె తెచ్చి, వాడి నోట్లో గుడ్డ కుక్కి, తెగిన వేలిని కొడవలితో తీసేసి కట్టు కట్టింది. నేను కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. బక్కయ్య ఒళ్లు ఎగిరెగిరి పడుతుంటే నా రొమ్ము మీద మోకాలు తగిలి ఊపిరాడలేదు. కట్టు ముగిశాక ఆ పసుపు చేతులతోనే అత్త కంచె మీది నార అందుకుంది.

"సాయిలూ, పోయి మైసయ్యను తోల్కరా."

అప్పటి నుంచి పదిరోజులు మా దొడ్డి దొడ్డిలా లేదు. ఊరి ఆడవాళ్లంతా ఒళ్లో రాళ్లు మోసుకొచ్చి పోసేవారు. పుంటికూర వరుస మొదలంటా పోయింది. నార చాలక పాత మంచం నులక విప్పింది అత్త. గుట్ట రాయికి మొనలుంటాయి, గాలిలో వంకర పోతుంది. దానికీ ఆమే ఉపాయం చెప్పింది. రాయికి పాటిమన్ను తొడిగి గుండ్రం చేసి ఆరబెడితే చెప్పిన చోటికి పోతుంది. పైకి చూస్తే పిట్టల ఉండే. పిట్టలవి వేపచెట్టు కింద, మనుషులవి కొట్టంలో ఆరేవి. రెండిటికీ వేర్వేరు గంపలు.

"నీ సూత్రం నువ్వే తప్పినవ్ గదా అత్తా" అన్నాను ఒకసారి. ఎత్తిపొడుపే.

ఆమె ఉండ గుండ్రం చేస్తూ, "తప్పిన" అంది. ఇంకో రాయి అందుకుంది.

రజాకార్లు పొద్దున్నే వచ్చారు. బక్కయ్యను తెల్లవారకముందే గుట్టకు పంపేశాం. బురుజు మీద డప్పు మోగగానే నేను చెంగు బిగించి ఎక్కాను. నలభై మందికి తక్కువ లేరు. ముందు రెండు గుర్రాలు, కొన్ని తుపాకులు, మిగతావి కత్తులు, బరిసెలు. వెనకాల మాకు తెలిసిన గడీ ముఖాలు.

మైసయ్య చెయ్యి దించగానే ముప్పై వడిసెలలు ఒక్కసారి తిరిగాయి. ఆ చప్పుడు నేను అంతకుముందు వినలేదు, ఒక్క వడిసెల చప్పుడు ఎరుగుదును కానీ. మొదటి గుర్రం ముఖాన దెబ్బపడి వెనక్కి లేచింది. మీదున్నవాడి కాలు రికాబులో ఇరుక్కుంది. గుర్రం వాణ్ణి బండల మీద ఈడ్చుకుంటూ పోయింది, కేకలు కొంతదూరం వినబడి ఆగాయి. తుపాకులు పేలాయి. నా పక్కనున్న కుమ్మరి ముసలాయనకు గొంతులో గుండు దిగింది. నీళ్లు తాగినట్టు రెండు గుటకలేసి, గోడకు ఆనుకుని కూర్చుని చచ్చిపోయాడు. నేను ఆయన ఒళ్లోని ఉండలు తీసుకున్నాను.

కింద ఒకడు మా వాడ గడ్డివాముకు నిప్పు పెడుతున్నాడు. వాణ్ణి ఎంచుకున్నాను. తిప్పి వదిలాను. దవడ మీద పడింది. వాడు కూర్చుని, రెండు చేతుల్లోకి పళ్లు ఉమ్ముకుని వాటి వంక చూశాడు. అలా చూస్తుండగానే రెండోది వేశాను. పడిపోయాడు. చెప్పకపోతే అబద్ధమవుతుంది. నాకు సంతోషమైంది. ఆకలి మీద బువ్వ తిన్నంత సంతోషం. మూడోది కూడా వేశాను, వాడు కదలకపోయినా.

పడమటి వాడలో పన్నెండిళ్లు కాలాయి. మావాళ్లు నలుగురు పోయారు. వాళ్లలో ఎందరు చచ్చారో, శవాలను మోసుకుపోయారు కనక తెలియదు. పోయేముందు కొందరు వెనక సందులోంచి మా దొడ్లోకి దూరారు. వాళ్లు తడిక విరుస్తుండగానే అత్త రెండు గంపలూ ఎత్తి ఒకే గుమ్మిలో కుమ్మరించి పైన పిడకలు కప్పేసింది. రాయున్న ఉండలు దొరికితే ఇల్లంతా నరికేవాళ్లు. బక్కయ్య ఏడని అడిగి ఆమె భుజం మీద తుపాకి మడమతో కొట్టారు. ఆమె చెప్పలేదు. మళ్లీ వస్తాం, వాడి తల తీసుకుపోతాం అని చెప్పి పోయారు.

"కోతలయ్యేదాక బక్కయ్య గుట్ట దిగొద్దు" అన్నాడు మైసయ్య. "ఊర్ల వేగులోళ్లు తిరుగుతున్నరు. జొన్నల్లల్ల దాక్కొని ఎవ్వడేడున్నడో చూసి పోతున్నరు."

మూడురోజులకోసారి చీకటి పడ్డాక బక్కయ్య జొన్నలోంచి వచ్చి మా మంచె కింద పెట్టిన రొట్టెలు తీసుకుపోయేవాడు. అత్తకు అదే ప్రాణం. వాడొక్కడు కోతల దాకా బతికితే చాలని ఊరి మైసమ్మకు కోడిని మొక్కింది.

ఇటు పిట్టలకు మన గొడవలు పట్టవు కదా. కంకి పాలు పట్టింది, రామచిలకలు గుంపులుగా దిగుతున్నాయి. ఉండలు కావాలి. అత్త గుమ్మి ముందు కూర్చుని, వాచిన భుజంతోనే, కలిసిపోయిన ఉండలను ఏరడం మొదలుపెట్టింది. ఒక్కోటి అరచేతిలో పెట్టుకుని ఎగరేసి పట్టేది. బరువైతే ఎడమకు, తేలికైతే కుడికి. పొద్దంతా ఏరింది.

"నీ చెయ్యేమన్న తక్కెడనా అత్తా? ఒక్కొక్కటి ఇరగ్గొట్టి చూడరాదు?"

"ఇరగ్గొడితే మళ్ల ఎవ్వరు చేస్తరు, నీ తల్లిగారొచ్చి చేస్తరా? తక్కెడ తప్పుతది గని మారెమ్మ చెయ్యి తప్పది."

కుడివైపు గంప నాకిచ్చింది.

దాడి జరిగిన పన్నెండో రోజు. మిట్టమధ్యాహ్నం. నేను మంచె మీద ఒక్కదాన్నే ఉన్నాను. గాలి లేదు. చేను నడుమ నుంచి చిలకలు ఒక్కసారి లేచాయి. అక్కడ జొన్న కదులుతోంది. కదలిక నావైపే వస్తోంది, వంగి నడిచే మనిషి కదలిక. బక్కయ్య వచ్చేది చీకటి పడ్డాక, పైగా నిన్ననే వచ్చి రొట్టెలు తీసుకుపోయాడు. నాకు వేగులవాడే గుర్తొచ్చాడు. కుమ్మరి ముసలాయన గుటకలు గుర్తొచ్చాయి.

కేకేయాలని నోరు తెరిచాను. కేకేస్తే పారిపోతాడు. మట్టి ఉండే కదా, చస్తాడా, ఒక దెబ్బ రుచి చూపిస్తాననుకున్నాను. వడిసెలలో ఉండ పెట్టాను. దాని బరువు నా అరచేతికి తెలిసే ఉండాలి. నేను పట్టించుకోలేదు. రెండు చుట్లు తిప్పి వదిలాను.

మట్టి ఉండ తగిలితే పెళ్ల విరిగిన చప్పుడు వస్తుంది. ఇది రోలులో రోకటి పోటులా వినబడింది. జొన్న కదలడం ఆగింది.

దిగి పోయాను. బక్కయ్య పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. చెవి పైన ఎముక లోపలికి పోయింది. జుట్టు నిండా పాటిమన్ను, ఆ మన్నులో బూడిదరంగు రాయి. నెత్తురు నేల పగుళ్లలోకి దిగుతోంది. కట్టు కట్టిన చెయ్యి రొమ్ము మీద ఉంది. ఎడమచేతిలో నార చుట్ట. గుట్ట మీద మోదుగు వేర్లు తవ్వి, ఒంటిచేత్తో రాతికేసి దంచి తీసిన నార. తల్లి దగ్గర నార అయిపోయిందని వాడికి తెలుసు కదా, అది ఇచ్చిపోదామని పగలే దిగాడు. చిన్నప్పటి నుంచీ అంతే, తోచిందంటే ఆగడు. నేను తల ఒళ్లో పెట్టుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి కాసేపు గురగురమని ఆగిపోయింది.

నా ఏడుపు విని సాయిలు వచ్చాడు, వెనకే అత్త. సాయిలు నన్ను చూశాడు, మంచెను చూశాడు, తలకొట్టుకుంటూ కూలబడ్డాడు. అత్త ముందు ఆ రాయి తీసింది. మన్ను నలిపి రాల్చి అరచేతిలో పెట్టుకుని ఎగరేసి పట్టింది, ఆనాడు ఏరినట్టే. రెండుసార్లు.

"నా చెయ్యి తప్పింది" అంది.

తర్వాత నావైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"కేకేసినవా బిడ్డా?"

"ఏసిన."

"మూడు?"

"మూడేసిన అత్తా."

ఆమె నమ్మింది. ఆ తల్లి నన్ను నమ్మి, కొడుకు ముఖం మీదికి వంగి, "మరెందుకు పలుకలేదు కొడుకా, ఒక్క మాట పలికితే ఏం బోయె" అని అప్పుడు ఏడ్చింది. సాయిలు చెప్పాడు, దాక్కుని తిరిగేవాడు ఎలా పలుకుతాడమ్మా అని. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. వాణ్ణి వేరే తాడు వెతకకుండా ఆ మోదుగు నారతోనే పాడెకు కట్టారు.

ఆ జొన్న మేమే కోశాం, మేమే తిన్నాం. తినక ఏం చేస్తాం. పై ఏడు సైన్యం వచ్చి నైజాం పోయింది, దొర పట్నం పారిపోయాడు, వెట్టి పోయింది. అత్త మళ్లీ ఉండ చేయలేదు. కూరలో ఉప్పు కూడా నన్నే వేయమనేది, చెయ్యి తప్పుతుందని. అంత మాటకారి నోరు ఒక్క సంగతికే తెరుచుకునేది. జొన్న పాలుపట్టే రోజుల్లో వాడలోని పిల్లలను ఆపి చెప్పేది. "కేకిన్నరంటే పలకాలె బిడ్డా. సిగ్గుపడొద్దు, భయపడొద్దు. పలకకనే నా కొడుకు పాయె." ఆమె మాట విని మా ఊరి పిల్లలు ఇప్పటికీ చేనులో కేక వినబడితే పలుకుతారు.

ఇరవై రెండేళ్లు బతికింది ఆ తర్వాత. పోయే ముందురోజు, నేను గంజి తాపుతుంటే నా చెయ్యి పట్టుకుని అడిగింది. వాడికి వినబడేటట్టే వేశావా బిడ్డా అని. గట్టిగనే ఏసిన అత్తా అన్నాను. గాలి అటే ఉండె అని కూడా అన్నాను. ఆ రోజు గాలే లేదు.

నేను ఒక్క కేక వేసి ఉంటే బక్కయ్య పలికేవాడు. దాక్కున్నా పలికేవాడు. పిట్టను గాదొదినా అనేవాడు.